రాజుగారి పిట్ట

మొన్న పొద్దున వాకింగ్‌కి వెళ్తే మా వీధి మలుపులో దీపస్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. ఎవరిదో పెంపుడు చిలుక పోయిందట. పచ్చది, మెడ దగ్గర కాస్త బూడిదరంగు, పేరు పెట్టి పిలిస్తే వస్తుందట. కనిపిస్తే ఫోన్ చెయ్యమని కింద బతిమాలుకున్నారు. మా ఆయన "పాపం" అని ముందుకు నడిచారు. నేను అక్కడే ఆగిపోయాను. నాకు తెలియకుండానే నోట్లోంచి "నేను తియ్యలేదు" అన్న మాట వచ్చేసింది.

మా ఆయన వెనక్కి తిరిగి చూశారు.

"లోలో గుర్తొచ్చారా?" అన్నారు.

లోలో అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో తాత. డెబ్బైల చివర్లో మేము జెర్సీ సిటీలో ఒక పాత ఇటుక బిల్డింగ్‌లో ఉండేవాళ్ళం. అందులో సగం మంది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సులు, వాళ్ళ కుటుంబాలు. ఆయన మా పై అంతస్తులో కూతురి దగ్గర ఉండేవారు. అసలు పేరు కింద మెయిల్‌బాక్స్ మీద ఉండేది కానీ దాన్ని ఎవరూ వాడేవారు కాదు. నేనూ ఇప్పుడు వాడను.

చేతులతో దారి చూపడం ఆయనకి అలవాటు లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పాలన్నా, లిఫ్ట్ పాడైందని చెప్పాలన్నా పెదాలు ముందుకు చాపి ఆ వైపు చూపేవారు. అవునని చెప్పాలంటే కనుబొమలు పైకెత్తేవారు. కొత్తలో నేను ఏదడిగినా ఆయన ఆశ్చర్యపోతున్నారనుకునేదాన్ని. చేతులకి మాత్రం వేరే పని ఉండేది. బొటనవేలు ఎప్పుడూ మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. జపం అనుకున్నాను. కాదట, అక్షరాలు లెక్కపెడతారట. వాళ్ళ పద్యంలో పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరో అక్షరం దగ్గర ఊపిరి. టీవీలో వాతావరణం చెప్పే మనిషిని కూడా వదిలేవారు కాదు. "పదకొండు. ఒకటి మింగేశాడు," అని పెదవి విరిచేవారు.

ఆయనతో పరిచయం బేస్‌మెంట్‌లోని లాండ్రీ రూమ్‌లో జరిగింది. నేను ఆ దేశానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. వారమంతా నది కింది సొరంగంలోంచి ట్రెయిన్‌లో పోయి ఒక బ్యాంకులో కంప్యూటర్ కార్డులు పంచ్ చేసి రావడం, ఆదివారం బట్టలు. ఆ రోజు మిషన్ల ముందు మడతకుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తలకి ఉన్ని టోపీ, కాళ్ళకి పెళ్ళికి వేసుకునేలాంటి నల్ల బూట్లు. ఉతకడానికి బట్టలేమీ లేవు. అక్కడ వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చుంటారని తర్వాత తెలిసింది. నేను బట్టలు వేస్తుంటే లేచి నిలబడి, జడ్జీలా గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో అన్నారు.

"మేడమ్, రాజుగారి పిట్ట పోయింది. అది మీ దగ్గర ఉందని అందరూ అంటున్నారు."

ఆ రోజుల్లో ఎవరేమన్నా నాకు ముందు భయం వేసేది, తర్వాత కోపం వచ్చేది. ఆ రెండూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

"మేం వెజిటేరియన్స్," అన్నాను. "గుడ్డు కూడా తినం. కావాలంటే వచ్చి మా కిచెన్ చూసుకోండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆయన టోపీ ఊడిపోయేలా నవ్వారు. ఇన్నేళ్ళలో ఎంతోమంది మీద ఆ నింద వేశాననీ, ఈ జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదనీ, దీన్నే పద్యంలో చెప్తే ఇంకా బాగుండేదనీ అన్నారు. నేను బట్టలు మిషన్లోనే వదిలేసి పైకి వచ్చేశాను.

మా ఆయన మండిపడ్డారు. "దొంగతనం అంటగడతాడా? బిల్డింగ్ సూపరింటెండెంట్‌కి కంప్లైంట్ చేస్తాను."

"ఉండండి. ఏదో గేమ్ అన్నాడు. పొయెట్రీలో ఆన్సర్ చెయ్యాలట."

"లాండ్రీ రూమ్‌లో పొయెట్రీ ఏంటే?"

సంగతేమిటో తెలుసుకుందామని నేనే మళ్ళీ కిందికి వెళ్ళాను. అది వాళ్ళ పాత ఆట. పేరు దుప్లో. చావు జరిగిన ఇంట్లో తొమ్మిదో రోజున ఆడతారు. మనకి పదో రోజూ పదకొండో రోజూ ఉన్నట్టు వాళ్ళకి తొమ్మిదో రోజు. ప్రార్థనలు అయ్యాక ఆడవాళ్ళు ఒక వరసలో, మగవాళ్ళు ఒక వరసలో కూర్చుంటారు. ఒకరు రాజు. తన పిట్ట పోయిందని, ఫలానావాళ్ళు తీశారని రాజు నింద వేస్తాడు. నింద పడ్డవాళ్ళు లేచి నిలబడి అప్పటికప్పుడు పద్యంలో జవాబు చెప్పుకోవాలి. పక్కవాళ్ళు వాదిస్తారు, వెక్కిరిస్తారు, వెనకేసుకొస్తారు. ఓడినవాళ్ళకి శిక్ష, పోయినవాళ్ళ కోసం ఒక ప్రార్థన. ఏడ్చి ఏడ్చి ఉన్న ఇంటిని కాస్త నవ్వించి, మళ్ళీ బతుకులో పడెయ్యడానికి ఆ ఆట. తన ఊళ్ళో పాతికేళ్ళు రాజు ఆయనే.

"రెండు నియమాలు గుర్తుపెట్టుకో," అన్నారు. "పిట్ట పోయిందని రాజు అంటే పోయినట్టే. అసలు పిట్ట ఉండేదా అని ఎవరూ అడగకూడదు." పెదాలు చాపి గోడవైపు, ఆ గోడకి అవతల ఎక్కడో ఉన్న తన దేశం వైపు చూపించారు. అక్కడ అప్పుడు మిలిటరీ చట్టం నడుస్తోంది. "ఇప్పుడు మా వాళ్ళందరూ అదే ఆట ఆడుతున్నారు, పద్యాలు లేకుండా."

రెండో నియమం, మా ఊరి పద్ధతి అన్నారు. నింద పడి లేచినవాళ్ళు రాజు "కూర్చో" అనేదాకా కూర్చోకూడదు. ఆ ఒక్క మాటే తీర్పు. అది అన్నాక ఇక వాళ్ళ మీద ఏ నిందా లేదు. ఆ మాట రాజు తప్ప ఎవరూ అనకూడదు.

మాకూ ఒక సామెత ఉంది, నింద లేనిదే బొంది పోదంటారు, అన్నాను. దాని అర్థం విని కనుబొమలు చాలాసేపు పైనే ఉంచారు. ఆ ఊపులో అవధానం గురించి కూడా చెప్పాను. మా నాన్నగారు తెలుగు మేష్టారు. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని అవధానాలకి తీసుకెళ్ళేవారు. పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒక్క మనిషిని సమస్యలతో చంపుతారనీ, మధ్యలో అడ్డదిడ్డంగా మాట్లాడ్డానికి ప్రత్యేకం ఒకాయన ఉంటాడనీ చెప్తే లోలోకి ఆ చివరాయన తెగ నచ్చేశాడు.

"ఆయనకి శాలువా కూడా కప్పుతారా? మా ఊళ్ళో ఆ పని మా బావమరిది ఊరికే చేసేవాడు."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. నేను ఆవకాయ పట్టుకెళ్ళేదాన్ని. ఆయన వేలితో నాకి, "ఇందులో చేప ఏది?" అనేవారు. చేప వెయ్యరని చిలక్కి చెప్పినట్టు చెప్పినా ప్రతిసారీ అదే ప్రశ్న.

ఊళ్ళో పద్యాలకి అన్నం పుట్టదు కాబట్టి ఆయన రాజధానిలోని వారపత్రికలకి సీరియల్ నవలలు రాసి బతికారు. ఒకసారి కథలో హీరోయిన్‌ని క్షయతో చంపేశారట. బజార్లో చేపలమ్మే ఆవిడ, ఆ పిల్లని బతికించేదాకా నీకు చేపలు అమ్మను పొమ్మంది. రెండు వారాలు ఉత్త అన్నం తిని, మూడో వారం, చచ్చిపోయింది హీరోయిన్ కాదు, అచ్చం ఆమెలా ఉండే అక్క అని రాసేశారు. ఇది చెప్పినప్పుడల్లా వెంటనే ఇంకోటి చెప్పేవారు. "మా దేశంలో అందరికంటే పెద్ద రచయిత ఒక డాక్టరు. నవలలు రాసి ప్రభుత్వానికి కోపం తెప్పించాడు. నిలబెట్టి కాల్చేశారు. నన్ను చేపలావిడ బెదిరించింది. ఎవరు ఎంత రచయితో అక్కడే తెలిసిపోతుంది."

కొత్త తరం గొప్ప రచయితలంతా ఇంగ్లీషులో రాస్తున్నారని కూడా ఒక మూతివిరుపు ఉండేది. "బహుమతులు ఇంగ్లీషుకి, కన్నీళ్ళు మా భాషకి," అనేవారు. అంతలోనే ఆ ఇంగ్లీషువాళ్ళ కథల్లోంచి పేజీలకి పేజీలు అప్పజెప్పేవారు. అసూయ అన్న మాట నేను అనలేదు, ఆయనే అన్నారు.

కూతురు చాలా నెమ్మదైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. డ్యూటీ, చర్చి, ఇల్లు. ఆయన మందులు, మఫ్లరు, బూట్ల పాలిష్ అన్నీ ఆవిడే చూసేది. ఆవిడ లాండ్రీ రూమ్‌లోకి వస్తే లోలో పిట్ట మాట ఎత్తేవారు కాదు. ఆటలో ఉన్నా సరే, ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే వాతావరణం గురించి మాట్లాడేవారు. ఎవరి ఇంటి సంగతులు వాళ్ళవి అని నేను అడగలేదు.

ఒక ఆదివారం బయట మంచు కురుస్తోంది. మిషన్లు రెండూ తిరుగుతున్నాయి. ఆయన లేచి మళ్ళీ నా మీద నింద వేశారు. ఈసారి వెజిటేరియన్ అంటే ఒప్పుకోనన్నారు. నా భాషలోనైనా సరే పద్యమే కావాలన్నారు. నేను నిలబడి, నాన్నగారిని తలుచుకుని, వేళ్ళ మీద గణాలు వేసుకుంటూ ఒక ఆటవెలది కట్టాను.

పిట్ట పోయెననుచు పెట్టకు నిందలు
కొమ్మమీద నదియె కూయుచుండె
పంజరమ్ము తలుపు బంధించ మరచిన
రాజె దొంగ కాద, రచ్చ యేల

తాళం బాగుందని తలాడించారు. అర్థం చెప్పమన్నారు. చెప్పాను. పిట్ట ఎక్కడికీ పోలేదు, పంజరం తలుపు వెయ్యడం మర్చిపోయింది రాజే, కాబట్టి దొంగ ఆయనే.

ఆయన మొహంలో నవ్వు పోయింది. తలుపు వైపు చూశారు. మిలిటరీ రాజ్యం నుంచి వచ్చిన మనిషి కదా, రాజుని దొంగ అంటే భయపడ్డారేమో అనుకున్నాను.

"మా ఆటలో రాజుని ఎవరూ అడగరు," అన్నారు. తర్వాత "మర్చిపోయిన రాజు" అని తనలో తను రెండుమూడుసార్లు అనుకున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నానని అప్పుడు చూసుకున్నారు. కంగారుపడిపోయారు. "కూర్చో అమ్మా, కూర్చో, కూర్చో," అన్నారు. ఒక్కసారి అంటే చాలు కదా అని నవ్వబోయాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

అప్పుడు చెప్పారు. భార్య పోయిన తొమ్మిదో రోజున కూడా ఆయనే రాజు. ఊళ్ళోవాళ్ళు ఈసారికి వద్దన్నారట. తనే పట్టుబట్టి కూర్చున్నారట. ఏడుపు ఆపుకోవడానికి ఆయనకి తెలిసిన ఉపాయం అదొక్కటే. ఆ రోజు పద్యాలు ఎన్నడూ రానంత బాగా వచ్చాయట. ఊరు ఊరంతా నవ్వింది. ఆ ఊపులో ఆడవాళ్ళ వరసలో చివర కూర్చున్న సొంత కూతురి మీద నింద వేశారు. ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంతకుముందు ఎన్నో ఇళ్ళలో ఆట చూసిందే. కానీ తల్లి పోయిన ఇంట్లో, తండ్రి లేచి అందరి ముందూ "పోయింది, నువ్వే కారణం" అంటే ఆ పిల్లకి పిట్ట వినపడలేదు. నిలబడి "నేను కాదు, నేనేం చెయ్యలేదు" అని ఏడవడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు ఆ పిల్లని వెనకేసుకొస్తూ ఒక పద్యం అందుకున్నారు. దానికి జవాబు ఆయన నాలుక చివర సిద్ధంగా ఉంది. అది చెప్పారు. దానికి ఇంకొకరు, దానికి ఇంకొకరు. ఆట ముగిశాక చూస్తే పిల్ల ఇంకా గోడవారనే నిలబడి ఉంది.

"కూర్చో అనలేదు. మర్చిపోయాను," అన్నారు. "ఎవరో పెద్దావిడ ఎత్తుకుని తీసుకెళ్ళింది. ఆ తర్వాత మా అమ్మాయి ఏ తొమ్మిదో రోజుకీ రాలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. బూట్లు పాలిష్ చేస్తుంది. నా ముందు మాత్రం ఎప్పుడూ కూర్చోదు, చూశావా? పళ్ళెం పట్టుకుని నిలబడే తింటుంది."

నిజమే. నేను చూశాను. నర్సులకి అలవాటేమో అనుకున్నాను.

"అయితే ఇప్పుడు పైకి వెళ్ళి చెప్పండి," అన్నాను. "ఆ రోజు నిన్ను కూర్చోమనడం మర్చిపోయానమ్మా, అని. ఒక్క ముక్క."

ఆయన నావైపు వింతగా చూశారు.

"వచనంలోనా?"

"వచనంలోనే."

"వచనంలో నేను చెప్పినవన్నీ బియ్యం కోసం చెప్పిన అబద్ధాలు. అవి చదువుకుంటూ పెరిగిన పిల్ల అది. చచ్చిపోయినవాళ్ళు మూడో వారం లేచి రావడం చూసింది. నా వచనాన్ని అది ఎందుకు నమ్మాలి?"

"పోనీ పద్యంలోనే చెప్పండి."

"పద్యంలో అంటే ఆటలో చెప్పాలి. నీతో ఇక్కడ నవ్వులాటకి అనేది వేరు. నిజమైన ఆట, నిజమైన తీర్పు, చావు జరిగిన ఇంట్లోనే. మా ఇంట్లో మిగిలింది ఇద్దరం. నేను ముందు పోతే రాజు ఉండడు. అది ముందు పోవాలని ఏ తండ్రి అనుకుంటాడు?"

నాకు ఒళ్ళు మండింది. మాటలు రానివాడు చెప్పలేకపోయాడంటే అర్థం ఉంది. లోకాన్నంతా మాటలతో ఏడిపించి నవ్వించిన మనిషికి సొంత కూతురి దగ్గర ఒక్క వాక్యం కరువైందంటే ఏమనాలి? ఆ మాటే ఇంకొంచెం మర్యాదగా ఆయనతో అన్నాను. కనుబొమలు పైకెత్తారు. అవునని అర్థం. ఒప్పుకున్నారు కానీ పైకి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆయన నా పద్యం పట్టుకుని కూర్చున్నారు. ఒక్కో మాటకీ అర్థం మళ్ళీ మళ్ళీ అడిగేవారు. తన భాషలో పాదానికి పన్నెండు అక్షరాల్లో దాన్ని తిరగరాస్తున్నానన్నారు. మూడో పాదం కుదరడం లేదని వారాల తరబడి బాధపడ్డారు. మెట్ల మీద కనిపించినా బొటనవేలు కణుపుల మీద నడుస్తూనే ఉండేది. ముసలితనంలో ఒక ఆడుకునే వస్తువు దొరికిందిలే అనుకున్నాను.

ఆయన ఎనభైల మొదట్లో ఒక చలికాలం చివర, కుర్చీలోనే కన్నుమూశారు. తొమ్మిదో రోజు ఆదివారం మధ్యాహ్నం పడింది. నర్సులు డ్యూటీలు మార్చుకుని వచ్చారు. మేమూ వెళ్ళాం. గదిలో ఆయన ఫోటో, కొవ్వొత్తి, ఎవరూ కూర్చోని ఆయన కుర్చీ. ప్రార్థనలు అయ్యాయి. నూడుల్స్ పళ్ళేలు తిరిగాయి. మా కోసం విడిగా మాంసం కలపకుండా కొంచెం తీసి ఉంచారు. తర్వాత గది నిశ్శబ్దంగా అయిపోయింది. అది ఊరికే వచ్చిన నిశ్శబ్దం కాదని నాకు తెలుసు. మా పక్కన కూర్చున్న మూడో అంతస్తు పెద్దాయన మెల్లగా అన్నారు.

"ఇప్పుడు ఆట మొదలవ్వాలి. కానీ రాజు ఎవరు? నాది వేరే ద్వీపం, వేరే భాష. మిగిలిన మగవాళ్ళంతా ఇక్కడే పెరిగిన కుర్రాళ్ళు, ఈ ఆట రాదు."

నేను ఖాళీ పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కూతురు సింక్ దగ్గర ఉంది. పళ్ళెం తోముతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నాన్న మీతో కింద చాలా మాట్లాడేవారు కదా. ఒకటి అడగనా? రెండేళ్ళ నుంచి ఇక్కడే, ఈ సింక్ పక్కన నిలబడి, నేను వంట చేస్తున్నంతసేపూ నాలుగు పాదాలు అనుకునేవారు. రాజు పంజరం మూయడం మర్చిపోయాడని. ఏదో పాత పాట ప్రాక్టీస్ చేస్తున్నారనుకున్నాను. ఒకసారి విసుక్కున్నాను కూడా. అది ఏ పాట?"

ఆడుకునే వస్తువు అనుకున్నాను నేను. ఆయన చెప్తూనే ఉన్నారు. రెండేళ్ళు, రోజూ, ఆమె వీపుకి.

"పాట కాదు," అన్నాను. "అది మీకోసమే. మీ అమ్మగారి తొమ్మిదో రోజున మిమ్మల్ని కూర్చోమనడం మర్చిపోయానని మీకు చెప్పాలని. దోషం మీది కాదు, ఆయనదే అని. మామూలు మాటల్లో చెప్తే మీరు నమ్మరని భయం."

ఉత్త వచనం. అంతకంటే నాకు చేతకాలేదు.

ఆమె నీళ్ళు కట్టేసింది. చేతులు తుడుచుకుంది. చాలాసేపు తువాలు మడతపెడుతూ ఉంది. తర్వాత ముందుగదిలోకి నడిచి, ఆడవాళ్ళు కూర్చున్న వైపు చివర, గోడవారన నిలబడింది. ఖాళీ కుర్చీ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాకు తెలిసిన మాట ఒక్కటే వినపడింది, పిట్ట. కానీ ఆరో అక్షరం దగ్గర ఊపిరి తీసుకోవడం తెలిసింది. పాదం చివర ఆగడం తెలిసింది. పక్కనున్న పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. పద్యమేనన్నమాట. తండ్రి నాలుగు పాదాలకి జవాబు నాలుగు పాదాలు. ఎనిమిదేళ్ళ వయసులో చెప్పాల్సినవి.

చెప్పడం అయిపోయింది. ఎవరో ఒక నర్సు కళ్ళు తుడుచుకుంటూ తన పక్కన చోటు చేసింది. ఆమె కూర్చోలేదు.

కూర్చో అనే మాట ఆ గదిలో అందరికీ వచ్చు. నాకూ వచ్చు, వాళ్ళ భాషలో కూడా వచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ అది అనాల్సింది రాజొక్కడే. మేమందరం లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వచ్చేసేటప్పుడు కూడా ఆమె ఆ గోడవారన నిలబడే ఉంది.